ఉప్పు తక్కువైందని గోల

"నేనే చంపానని రాసుకోమనండి. సంతకం పెట్టేస్తాను," అంది ఆమె. "పాపని మాత్రం ఆ ఇంట్లో ఉంచొద్దని అత్తయ్యకి చెప్పండి. ఎక్కడైనా సరే, ఆ ఇంట్లో వద్దు."

పోలీస్ స్టేషన్ వెనక గది. ఒక బల్ల, రెండు కుర్చీలు, ఎవరూ ముట్టుకోని టీ. చల్లారి పైన తొరక కట్టింది. బల్లకి అటుపక్క కూర్చున్న మనిషి మొన్న మధ్యాహ్నం దాకా ఒక ఇంటి ఇల్లాలు. ఇప్పుడు మొగుణ్ణి చంపిన ముద్దాయి. ఈ సాయంత్రం కోర్టు మూసేలోగా ఆమెని జడ్జి ముందు నిలబెడతారు. అక్కడ కూడా ఇదే మాట అంటే ఇక నేను చేయగలిగింది ఏమీ ఉండదు, మూటాముల్లే సర్దుకోవడమే.

ఆమె కోసం నన్ను పెట్టుకున్నది పుట్టింటివాళ్ళు కాదు, అత్తగారు. కొడుకుని పోగొట్టుకున్న మర్నాడే కోడల్ని విడిపించమని నా గుమ్మం ఎక్కిన అత్తగారిని నేను చూడడం ఇదే మొదలు. ఆవిడ కళ్ళలో నీళ్ళు లేవు. "అమ్మాయ్, అది చీమ కనిపించినా పక్కకి తప్పుకుని నడిచే రకం. దాన్ని ఇంటికి తీసుకురా," అంది, అంతే. ఆ మాటకి పడిపోయి కేసు ఒప్పుకున్నాను. ఒప్పుకున్నాక చూసుకుంటే ఆమెకి అనుకూలంగా మచ్చుకైనా ఒక్క సాక్ష్యం లేదు.

జరిగింది ఇది. వాళ్ళ ఇంటి వెనక ఒక ఈత కొలను ఉంది. నీళ్ళని శుభ్రం చేసే సరంజామా అంతా పక్కనే ఒక చిన్న మోటారు గదిలో ఉంటుంది. మొన్న మధ్యాహ్నం ఆయన ఆ గదిలోకి వెళ్ళి మిషను గొట్టం మూత తిప్పాడు. లోపల పేరుకుని ఉన్న క్లోరిన్ గ్యాసు ఒక్కసారిగా మొహాన కొట్టింది. తలుపు దగ్గరికి చేరగలిగాడు గానీ తెరవలేకపోయాడు. బయట గడియ పడి ఉంది.

ఇంట్లో ఆ వేళప్పుడు మేలుకుని ఉన్నది ఆమె ఒక్కతే. అత్తగారు కునుకు తీస్తోంది, పాప స్నేహితురాలింటికి వెళ్ళింది.

పంపు ఎవరు ఆపారని అడిగాను. తనే ఆపానంది. రోజూ మధ్యాహ్నం అన్నాలయ్యాక ఫోన్‌లో మీట నొక్కి ఆపేస్తుందట. అత్తగారి గది మోటారు గదిని ఆనుకునే ఉంది. ఆ హోరుకి ఆవిడకి నిద్ర పట్టదు.

"పంపు ఆపితే మిషను?"

"దానంతటదే ఆగిపోతుంది. రోజూ ఆగేది."

"మొన్న?"

ఆమె టీ గ్లాసు వైపు చూసింది. "మొన్న ఆగలేదు. ఎందుకు ఆగలేదో తెలీదు. నేను ఒకసారి వెళ్ళి చూసుకోవాల్సింది. ఇంట్లో అందరికంటే నాకే కదా తెలుసు."

ఆమె మెడకి చుట్టుకున్న ఉరి ఆ చివరి మాటే. ఏడాది కిందట కొలనుకి కొత్త పద్ధతి పెట్టాలనుకున్నారు. అంతకు ముందు క్లోరిన్ బిళ్ళలు వేసేవారు. పాప నీళ్ళలోంచి లేచేసరికి కళ్ళు చింతనిప్పుల్లా ఉండేవి. ఉప్పు నీళ్ళ పద్ధతి అయితే మంట ఉండదన్నారు. నీళ్ళలో కాస్త ఉప్పు కలుపుతారు. పంపు ఆ నీళ్ళని ఒక గొట్టంలోంచి తోస్తుంది. గొట్టంలో ఉన్న కరెంటు పలకలు ఆ ఉప్పులోంచే క్లోరిన్ పుట్టిస్తాయి. నీళ్ళు కదులుతున్నంతసేపూ ఏ భయమూ లేదు. నీళ్ళు ఆగిపోయి పలకలు మాత్రం ఆగకపోతేనే గొట్టం గ్యాసుతో నిండిపోతుంది.

చీర కొనేటప్పుడు కూడా అంత ఆలోచించనిది, ఈ మిషను విషయంలో మాత్రం ఆమె కనిపించినవన్నీ చదివింది. రెండు రకాలు తేలాయి. ఒకదాంట్లో నీళ్ళు ఆగితే కరెంటు తీసేసే కాపలా విడిగా ఉంటుంది, ఎవరి ఫోనుకీ లొంగదు. రెండోదాంట్లో పంపు, దీపాలు, ఉప్పు, హెచ్చరిక, కాపలా, సమస్తం ఫోన్లోనే. ఆమె మొదటిది కావాలంది. ఈ మిషన్లు అమ్మేదీ బిగించేదీ ఆమె సొంత అన్నయ్యే. బావా బావమరుదులిద్దరూ ఒకటై రెండోదే మేలన్నారు. "నీళ్ళు ఆగినా పలకలు ఆగకపోతే మనుషులు పోతారు," అని ఆమె ఆ రోజు అందరి ముందూ గట్టిగా అంది. ఎలా చంపవచ్చో ఆమెకి ముందే తెలుసని ఇప్పుడు దాన్నే పోలీసులు సాక్ష్యంగా పెట్టారు.

"మరి గడియ?" అన్నాను.

"నేను వెళ్ళేసరికి పడి ఉంది. పెట్టినట్టు గుర్తు లేదు. పెట్టావు, పెట్టావు అని అందరూ అంటుంటే, పెట్టానేమో అనిపిస్తోంది."

నాకు భయం వేసింది. అబద్ధం చెప్పేవాళ్ళని విడిపించడం నాకు కొత్త కాదు. తన నిజాన్ని తనే నమ్మడం మానేసిన మనిషిని ఎలా విడిపించాలో మాత్రం తెలియలేదు. వరండాలోకి వచ్చి పెద్దావిడకి ఫోన్ చేసి, పాప సంగతి కోడలు చెప్పమన్నట్టే చెప్పాను. సరేనంది. కోడలు అన్నం తిందా అని అడిగింది. తిందని చెప్పాను. ఆవిడ నమ్మలేదు.

ఇన్‌స్పెక్టర్ వరండాలోనే నాకోసం కాచుకుని ఉన్నాడు. ఆయన మంచి పోలీసు, వచ్చిన చిక్కల్లా అదే. లంచం తినడు, చెయ్యి చేసుకోడు, తప్పుడు సాక్ష్యం పుట్టించడు. కాబట్టి తను అనుకున్నదే నిజమని గాఢంగా నమ్ముతాడు. నాకు ఆయన పెట్టిన పేరు స్టేషనంతా వాడుకలో ఉంది: జిడ్డు. చివర గారు తగిలిస్తాడు, అదొక మర్యాద.

"అయిందా జిడ్డుగారూ?" అన్నాడు.

కారణం లేకుండా ఎవరూ మొగుణ్ణి చంపరని, మీ దగ్గర కారణమే లేదని అన్నాను. ఆయన నవ్వలేదు. లోపలున్న ఆమెకి వినబడకుండా మెట్ల దాకా తీసుకెళ్ళాడు. పోయినాయనకీ, ఆమె అన్నయ్యకీ మధ్య మొన్న ఉదయం రెండు మెసేజీలు నడిచాయట. రెండు ఫోన్లూ ఆ సాయంత్రమే స్వాధీనం చేసుకుని కవర్లో పెట్టి సీలు వేశాడు. మాటలు మాత్రం ఆయనకి కంఠతా వచ్చు.

"మొగుడు రాశాడు: బావా, ఉప్పు తక్కువైందని పొద్దున్నించీ గోల పెడుతోంది, భరించలేకపోతున్నా. దానికి అన్నయ్య జవాబు: దాని నోరు మూయించాను బావా, ఇంక కిక్కురుమనదు, రేపు వచ్చి నేను చూస్తాగా."

ఆ ఇంట్లో వంట అత్తగారిదే. ఆవిడకి రక్తపోటు, ఉప్పు తగ్గించే వండుతుంది. కోడలు వంకలు పెట్టింది, మొగుడు విసిగి ఆమె అన్నయ్యకి చెప్పుకున్నాడు, అన్నయ్య చెల్లెలికి ఫోన్ చేసి గడ్డి పెట్టాడు. పుట్టింటివాళ్ళ ముందు తల తీసేసినట్టయి ఆమె కసి పెంచుకుంది. ఇన్‌స్పెక్టర్ అల్లిన కథ ఇది. ఆ ఉదయం అన్నయ్య నించి ఆమెకి ఒక ఫోన్ వెళ్ళిన మాట కూడా నిజమే. అందుకని ఆ కథలో నాకు ఎక్కడా చిల్లు కనపడలేదు.

పెద్దావిడని ఇది అడిగారా అన్నాను. కొడుకు పోయిన ఇంట్లో ఆవిడ వంట ఊసెత్తడం ఏం బాగుంటుందని ఊరుకున్నాడట. అన్నయ్యని మాత్రం అడిగాడు. ఉప్పు గురించి మీ చెల్లెలు గొడవ పడేదా అంటే, ఏ ఇంట్లో పడరండీ అని తల దించుకున్నాడట.

కోర్టుకి వెళ్ళే దారిలో ఆ మోటారు గదికి తాళం వేసి సీలు పెట్టాలన్నాడు. నేనూ వస్తానన్నాను. ఆయన ఏదో అనబోయి, నా మొహం చూసి, జీపు వెనకసీటు చూపించాడు.

ఆమె పక్కన ఒక మహిళా కానిస్టేబుల్, ఎదురుగా నేను.  ఇల్లు దగ్గరపడుతున్నకొద్దీ ఆమె ఒళ్ళో చేతులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకున్నాయి. జీపుని ఇంటి పక్క సందులో ఆపారు. అక్కడినించి మోటారు గది నాలుగడుగులు కూడా ఉండదు.

పెద్దావిడ అప్పటికే సందులో నిలబడి ఉంది. జీపు కిటికీలోంచి చెయ్యి పెట్టి కోడలి జుట్టు సవరించింది. పాపని ఇంట్లో ఉంచలేదని, భద్రంగా ఉందని చెప్పింది. ఆమె తల ఊపింది. అంతకు మించి ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయారు.

మోటారు గదిలో ఎవరో స్క్రూలు విప్పుతున్నారు. అన్నయ్య. పిల్లలందరూ ఆయన్ని రిమోట్ మామయ్య అంటారు. ఎక్కడో కూర్చుని ఎవరింట్లోనో దీపం వెలిగించి ఆర్పడం ఆయనకి సరదా. ఇప్పుడు సరదా మనిషిలా లేడు. గడ్డం మాసి, కళ్ళు లోపలికి పోయాయి. మిషను ఊడదీసి తీసుకుపోదామని వచ్చాడట.

"చెల్లి తిరిగొస్తే దాని కళ్ళ పడకూడదు," అన్నాడు.

ఇన్‌స్పెక్టర్ ఆయన్ని బయటికి పంపించి, ఒక కొస ఊడిన మిషనుని అలాగే వదిలేయమన్నాడు. నేను లోపలికి వెళ్ళాను. స్నానాల గదంత గది. కిటికీ లేదు, పైన రెండు చిల్లులున్న ఇటుక ఒకటి. ఇనుప తలుపు. దానికి బయటవైపు గడియ. అడ్డంగా పెట్టేది కాదు, పైనించి కిందికి వాలేది. వాలితే కొక్కెంలో కూర్చుంటుంది.

"గాలికి పడ్డట్టు తలుపు గట్టిగా వేస్తాను. మీరు గడియ ముట్టుకోకండి," అని ఇన్‌స్పెక్టర్‌కి చెప్పి లోపలినించి దబ్బున వేశాను.

బయట ఇనుము మీద ఇనుము పడిన చిన్న చప్పుడు. తలుపు నెట్టాను, రాలేదు. భుజంతో నెట్టాను. చీకట్లో ఆయన ఇక్కడే, ఇదే తలుపుని నెట్టి ఉంటాడన్న ఆలోచన రాగానే అరిచేత్తో తలుపు బాదాను. తియ్యండి అన్నాను. గడియ కదల్లేదు. తియ్యండి సార్ అన్నాను. ఇన్నేళ్ళలో ఆయన్ని సార్ అన్నది అదొక్కసారే.

గడియ లేచింది. ఇన్‌స్పెక్టర్ వెక్కిరిస్తాడనుకున్నాను. ఆయన గడియ వైపే చూస్తున్నాడు.

"నేను ముట్టుకోలేదు," అన్నాడు నెమ్మదిగా. తర్వాత తేరుకుని, ఒక సాక్ష్యం పోయిందని, మిగతావి అలాగే ఉన్నాయని అన్నాడు.

పిల్లలు లోపలికి వెళ్ళకుండా తను బిగించిన ప్రతిచోటా అదే గడియ పెట్టిస్తానని అన్నయ్య చెప్పాడు. అడగకుండానే చెప్పాడు.

తలుపు బార్లా తెరిచి ఉంటే వెలుగు మిషను మీద పడింది. అప్పుడు కనపడింది దాని మొహం. నిజంగానే మొహం. పెట్టె మీద ఎవరో కాగితంతో రెండు గుడ్లకళ్ళు, ఒక ఎర్రటి నోరు కత్తిరించి అతికించారు. నోరు సరిగ్గా హెచ్చరిక కూత వచ్చే చిల్లుల మీద ఉంది. ఇదెవరి పని అని పెద్దావిడని అడిగాను.

"మా చేపపిల్లది," అంది. మనవరాలికి ఆవిడ పెట్టుకున్న పేరు అది. పొద్దస్తమానం నీళ్ళలోనే ఉంటుంది. "మాట్లాడేదానికి నోరుండాలి కదా నానమ్మా అంది. ఇది అరిస్తే చాలు, అది పరిగెత్తేది. నాన్నా కూతురూ కలిసి మూత తిప్పి, లోపల కట్టిన తెల్లపెచ్చు గీకేవాళ్ళు. పెద్ద ఇంజనీరులా ఎంత గొప్పలు పోయేదనీ."

ఆవిడ పమిట కొంగు భుజాన సర్దుకుంది. తెల్లారి లేస్తే ఎవరు గీకుతారన్నది ఆవిడకీ గుర్తొచ్చి ఉంటుంది. ఊరుకోలేక, నిజానికి ఏదో ఒకటి అడగాలని, ఇదేం మాట్లాడేది అన్నాను.

"ఏముందమ్మా, ఈ ముసురు పట్టినప్పట్నించీ ఉప్పు తక్కువైందని ఒకటే గోల పెట్టింది. మొన్న మరీ, పొద్దున్నించీ."

ఇన్‌స్పెక్టర్ చేతిలో సీలు వేసే లక్క ఉంది. అది అలాగే పట్టుకుని, "ఎవరు, కోడలా?" అన్నాడు.

పెద్దావిడ ఆయన్ని ఎగాదిగా చూసింది. "నా కోడలు నా వంటకి వంక పెట్టడమేంటి నాయనా? మిషను."

మన భాషలో ఉన్న సుఖం అదే, కష్టమూ అదే. గోల పెడుతోంది అంటే కోడలూ కావచ్చు, పిల్లీ కావచ్చు, గోడకి బిగించిన పెట్టె కూడా కావచ్చు. దాని నోరు అన్నప్పుడు అన్నయ్య చెల్లెల్ని అంటున్నాడనుకున్నాడు ఇన్‌స్పెక్టర్. నేనూ అనుకున్నాను. నాలుగు రోజుల వానకి కొలను నిండి, నీళ్ళలో ఉప్పు పలచబడింది. మిషను ఆ మాటే చెప్పింది. దాని నోరు మూయించినవాడు మా పక్కనే నిలబడి ఉన్నాడు.

ఇద్దరం ఒకేసారి అన్నయ్య వైపు తిరిగాం. ఆయన గోడకి ఆనుకున్నాడు.

"ఎలా మూయించారు?" అన్నాను.

ఫోన్‌లో మీట నొక్కానన్నాడు.

"కూత ఒక్కటేనా ఆపింది?"

ఆయన తలుపులోంచి మిషను వైపు చూశాడు. "దీంట్లో నోరూ ముక్కూ ఒకటే తీగ," అన్నాడు. "కూత ఆపితే నీళ్ళు కనిపెట్టే కాపలా కూడా ఆగిపోతుంది. చెల్లి ఆ రోజు మొత్తుకున్నది ఇదే. నేను నవ్వాను."

అందరిళ్ళలోనూ ఇదే కూత; తెల్లవారకుండానే ఫోన్లు మొదలయ్యాయట. ఉప్పు బస్తాలు మర్నాటికి గానీ రావు. ఈలోగా నోరు మూయిస్తే ఏం పోతుందిలే, పంపు తిరుగుతూనే ఉంటుందిగా అనుకున్నాడు. తన చెల్లెలి ఇంట్లో అత్తగారి నిద్ర కోసం రోజూ పంపు ఆపుతారన్న సంగతి ఆయనకి తెలియదు. ఆ ఉదయం చెల్లెలికి ఫోన్ చేసింది కూడా బస్తాలు రేపు పంపుతున్నానని చెప్పడానికే. పంపు ఆగింది, పలకలు ఆగలేదు. కూత ఆగినా ఎప్పట్లా పెచ్చు గీకుదామని బావ వెళ్ళాడు. మూత తిప్పాడు.

జీపు తలుపు చప్పుడైంది. ఆమె దిగింది. కానిస్టేబుల్ ఆపబోతే ఇన్‌స్పెక్టర్ చేత్తో వద్దని సైగ చేశాడు. ఆమె వచ్చి అన్నయ్య ఎదురుగా నిలబడింది. కొడుతుందనుకున్నాను.

"నిన్న స్టేషనుకి వచ్చావు," అంది. "నా చెయ్యి పట్టుకుని ఏడ్చావు. అప్పుడైనా చెప్పలేకపోయావా అన్నయ్యా?"

"చెబుదామనే వచ్చానమ్మా."

"నేను చంపానని నేను నమ్మేశాను. తెలుసా నీకు?"

ఆయన కింద కూలబడ్డాడు. పెద్దావిడ కోడలి పక్కకి వచ్చి మోచెయ్యి పట్టుకుంది. ఆవిడ మొహంలో కోపం లేదు, కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేదు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. సొంత చెల్లెల్ని జైలుకి పంపి ఇంటికొచ్చి స్క్రూలు విప్పుకునే మనిషిని ఏమనాలి? అనడానికి నోరు తెరిచాను కూడా. అప్పుడు ఆయన అన్న ఇంకో మాట నాకు ఆలస్యంగా చెవికెక్కింది. అందరిళ్ళలోనూ ఇదే కూత.

"మిగతా ఇళ్ళు?" అన్నాను. "వాటి నోళ్ళు ఎప్పుడు మూశారు?"

"అప్పుడే. ఒకటే మీట, అన్నిటికీ."

"ఎప్పుడు తెరిచారు?"

ఆయన తల ఎత్తలేదు. ఆ సాయంత్రమే తెరవబోయాడట. తెరిస్తే ఎప్పుడు మూసిందీ ఎప్పుడు తెరిచిందీ మిషన్లలో పడిపోతుందని చెయ్యి ఆడలేదు. ఊగిసలాడుతూ ఉండగానే ఇన్‌స్పెక్టర్ వచ్చి ఫోన్ తీసుకుపోయాడు. మూసిన నోరు తెరవాలంటే ఆ మిషన్లు ఆ ఒక్క ఫోనుకి తప్ప ఇంకోదానికి పలకవు. అందరూ పంపు రోజంతా నడుపుతారు, ఏం కాదులే అని తనకి తను చెప్పుకుంటూ ఈ రెండు రోజులూ గడిపాడు.

ఫోన్ జీపులో ఉంది, సీలు వేసిన కవర్లో. ఇవ్వమన్నాను. ఇన్‌స్పెక్టర్ కదల్లేదు. కోర్టుకి అప్పజెప్పాల్సిన వస్తువు, సీలు తీస్తే రేపు ఏ లాయరైనా కేసుని ఊదిపారేస్తాడన్నాడు. నిజమే. ఈమె బయటపడడానికి ఉన్న ఒకే ఒక్క ఆధారం కూడా ఆ ఫోన్లోనే ఉందన్నాడు. అదీ నిజమే. ఆ ఇళ్ళల్లో ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు పంపు ఆపుతారని, మూత తిప్పుతారని అన్నాను. అన్నయ్యని అందరికీ ఫోన్ చేసి చెప్పమనండి అన్నాడు. నంబర్లు ఎక్కడున్నాయని అడిగాను. అవీ ఆ కవర్లోనే ఉన్నాయి.

"సార్, తియ్యండి," అంది ఆమె. "నా కేసు పోతే పోనివ్వండి. ఇంకొకళ్ళు నాలా ఆ తలుపు తియ్యకూడదు."

 ఇన్‌స్పెక్టర్ జీపు దగ్గరికి వెళ్ళి, కవరు తెచ్చి, లక్క పగలగొట్టాడు.  "రాసుకోండి జిడ్డుగారూ, సీలు తీసింది నేనే. రేపు అడిగితే మీ మీద పెట్టను," అన్నాడు. ఆ మాటతో నాకు ఆయన మీదున్న పాత కోపాల్లో సగం పోయింది.

అన్నయ్య చెప్తుంటే ఇన్‌స్పెక్టరే నొక్కాడు. తెర మీద ఇళ్ళన్నీ బూడిదరంగులో ఉన్నాయి. ఒక్కొక్కటే పచ్చగా మారుతూ, పక్కన ఎర్రటి అక్షరాలతో నోరు విప్పింది. ఉప్పు తక్కువ. ఉప్పు తక్కువ. ఉప్పు తక్కువ. వంటిళ్ళలో, వరండాల్లో ఎంతమంది చెవులు మూసుకుంటున్నారో గానీ, ఆ గోల అంత హాయిగా ఉంటుందని నేను ఎన్నడూ అనుకోలేదు. పెద్దావిడ ఊపిరి వదలడం వినిపించింది.

అన్నిటికన్నా కింద ఉన్నది పచ్చగా మారలేదు. ఎర్రగా మారింది. దానికి ఇంకో మాట తోడయింది: నీళ్ళు ఆగాయి. పంపు ఉదయం నించీ తిరగడం లేదు. ఈ నిమిషం దాకా పలకలు పనిచేస్తూనే ఉన్నాయి, ఇప్పుడు గొట్టం నిండా గ్యాసే.

"ఎవరిల్లు ఇది?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఇల్లు కాదు. ఈత క్లాసు," అన్నాడు అన్నయ్య. ఆయన గొంతు గుర్తుపట్టేలా లేదు.

పెద్దావిడ కోడలి చెయ్యి వదిలేసింది. నా వైపు చూసింది. 

"పాపని ఇంట్లో ఉంచొద్దన్నావు కదమ్మా," అంది. "ఎక్కడైనా సరే అన్నావు. పిల్ల కాస్త అన్నీ మర్చిపోతుందని అక్కడ దింపి వచ్చాను."

ఆమె అరవలేదు. ఇన్‌స్పెక్టర్ చేతిలో ఫోన్ లాక్కుని నా చేతిలో పెట్టింది, తనకి వేళ్ళు పనిచెయ్యక. నంబరు నొక్కాను. మోగుతోంది. మోగుతూనే ఉంది. ఇన్‌స్పెక్టర్ జీపు వైపు పరిగెడుతున్నాడు. ఎత్తండి, ఎత్తండి అని ఎవరో అంటున్నారు, అది నేనే.

ఈత మాస్టారు ఎత్తాడు. వెనక పిల్లల కేకలు, వాటి వెనక సన్నగా, ఆగకుండా ఒక కీచుకూత. నేనెవరో చెప్పకుండానే, మోటారు గదిలోకి ఎవర్నీ వెళ్ళనివ్వద్దన్నాను.

"ఆ గోలేనాండీ? ఇప్పుడే మొదలుపెట్టింది," అన్నాడు తాపీగా. "పొద్దుట పంపు పాడైంది, మనిషి రావాలి. ఈ కూత ఎలా ఆపాలో మాకు తెలిసి చావదు. అదృష్టం, మిషను బిగించినాయన మేనకోడలు ఇక్కడే ఉంది, ఆ పాపకి తెలుసట. మా ఇంట్లోనూ ఉంది, మూత తిప్పి పెచ్చు గీకాలి, మా నాన్నా నేనూ చేసేవాళ్ళం అంది."

"ఎక్కడుంది?"

"అదా? మోటారు గదిలో."

"మిషను కాదు. పాప."



"అదేనండీ చెప్తున్నాను," అన్నాడు.

అతని వెనక ఎక్కడో ఒక తలుపు దబ్బున పడింది. ఆ వెంటనే ఇనుము మీద ఇనుము పడిన చిన్న చప్పుడు వినిపించింది.